కింద దుకాణం, పైన ఇల్లు

వరంగల్ పిన్నవారి వీధిలో మా బాపుకు చిన్న దుకాణం ఉండేది. దారాలు, బొత్తాలు, లైనింగ్ బట్ట, చీరల ఫాల్స్, లేసులు అమ్మేవాడు. దాని మీదే మా ఇల్లు. బజారులో అప్పట్లో అందరి బతుకూ ఇంతే. బట్టల బజార్, బీట్‌బజార్, మండిబజార్, స్టేషన్ రోడ్, చౌరస్తా చుట్టుపక్కల గల్లీలు ఎక్కడ చూసినా కింద మడిగె, పైన సంసారం. హన్మకొండలో ఉద్యోగస్తులు పొద్దున స్కూటర్ తీసి ఆఫీసుకు పోయి సాయంత్రం ఇంటికి చేరేవాళ్లు. మాకు ఇంటికీ పనికీ మధ్య ఉన్నవి మెట్లే. బాపు అన్నం తింటుంటే కింద గిరాకి వస్తే, గుమాస్తా మెట్ల దగ్గర నిలబడి ఒక్క కేక వేసేవాడు. బాపు చెయ్యి కడుక్కుని దిగిపోయేవాడు.

ఇప్పుడు ఆ వీధిలో రాత్రి షట్టర్లు పడ్డాక మనిషి కనిపించడు. ఊరి నడిబొడ్డు ఏమవుతుందని మాట వచ్చినప్పుడల్లా అందరూ రోడ్ల వెడల్పు గురించి, పార్కింగ్ గురించి మాట్లాడతారు. అవీ కావాలి, కాదనను. కానీ నాకు ముందు గుర్తొచ్చేవి ఆ మెట్లు. బజారులో మనుషులు కాపురం ఉంటేనే బజారు బతుకుతుందని నా గట్టి నమ్మకం. అక్కడ పుట్టి పెరిగాను కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను.

మా పొద్దు మిగతా ఊరి కంటే ముందే మొదలయ్యేది. బీట్‌బజార్‌లో లారీలు రాత్రిపూటే దిగేవి. హమాలీల కేకలు, బస్తాలు నేలమీద పడే చప్పుడు మాకు నిద్రలో కూడా అలవాటే. మేడారం జాతర వచ్చే ఏడాది అయితే ఇక చెప్పక్కర్లేదు. సమ్మక్క సారలమ్మలకు బంగారమని మొక్కేది బెల్లమే కదా. జాతర ముందు బీట్‌బజార్ నిండా బెల్లం బుట్టలే. ఆ వాసన మా వంటింటి దాకా వచ్చేది. రెండేళ్లకోసారి వచ్చే ఆ కొద్ది వారాల బేరంతోనే ఒడ్డున పడ్డ కిరాణా దుకాణాలు నాకు తెలుసు. మిరప సీజన్‌లో ఇంకో రకం. ఎనుమాముల మార్కెట్ వైపు పోయే ట్రాలీలు దగ్గర్లో ఆగితే చాలు, ఇంటిల్లిపాదికీ తుమ్ములు.

ఏడు గంటల ప్రాంతంలో కూరగాయల తోపుడు బండి వచ్చేది. అమ్మ కిందికి దిగేది కాదు. పిట్టగోడ మీదుగా తాడు కట్టిన వెదురు బుట్ట దించేది. బుట్టలో ఒక స్టీల్ డబ్బా, అందులో పైసలు. బండామె టమాటలు, వంకాయలు తూచి వేసి, చిల్లర డబ్బాలో పెట్టి, తాడు రెండుసార్లు గుంజేది. బుట్ట పైకి వచ్చాక అమ్మ చేత్తోనే బరువు చూసుకుని, తక్కువనిపిస్తే అక్కడి నుంచే, “కొత్తిమీర మర్శిపోయినవేందమ్మా!” అనేది. మా ఎదురింట్లో ఉన్న నాయనమ్మ వరసావిడ కూడా అలాగే దించేది. పండగ రోజుల్లో రెండు తాళ్లూ గాలికి చిక్కుపడితే కింద గుమాస్తాలు విడదీసేవాళ్లు. పాలు, పేపరు, మందుల షాపు నుంచి గోలీలు, గిర్నీలో పట్టించిన పిండి, అన్నీ ఆ బుట్టలోనే ఎక్కేవి.

నేను చెప్పేదాంట్లో అసలు సంగతి ఇక్కడే ఉంది. గిర్నీ, పాల దుకాణం, ఇస్త్రీ బండి, రాత్రి పది దాకా ఉండే మిర్చి బజ్జీల బండి, ఇవి ఊళ్ల నుంచి బట్టలు కొనడానికి వచ్చేవాళ్ల కోసం పెట్టినవి కావు. పైన ఉండే మా కోసం పెట్టినవి. అవి తెరిచి ఉండేవి కాబట్టి రాత్రిపూట వీధిలో దీపం ఉండేది, ఆడపిల్లలు ట్యూషన్ నుంచి భయం లేకుండా వచ్చేవాళ్లు. దుకాణాలకు వేరే కాపలా అక్కర్లేదు. అర్ధరాత్రి షట్టర్ చప్పుడైతే నాలుగు కిటికీలు తెరుచుకునేవి.

బాపు ఖాతా పుస్తకం సంగతి కూడా చెప్పాలి. ఎర్ర గుడ్డ అట్ట, నిలువుగా పొడుగ్గా ఉండేది. అందులో పేర్ల కంటే ఆనవాళ్లే ఎక్కువ. ‘మిల్లు పొడుగాయన’, ‘కరీమాబాద్ టైలర్’, ‘గిర్మాజీపేట టీచరమ్మ’, ‘కొత్తవాడ మగ్గాలు’. ప్రతి ఆనవాలు కింద ఉద్దెర లెక్క. జీతాల రోజు వచ్చిందంటే బాపు ఆ పుస్తకం ముందు పెట్టుకుని, గల్లాపెట్టె దగ్గర ఊదుబత్తి వెలిగించి కూర్చునేవాడు. అప్పు తీరిన పద్దు మీద అడ్డంగా ఒక గీత గీసి, మళ్లీ కొత్త పద్దు మొదలుపెట్టేవాడు. పూర్తిగా తీర్చేసి మళ్లీ రానివాళ్లు బాపుకు నచ్చేవాళ్లు కాదు. కొంచెం బాకీ ఉంటేనే మనిషి మళ్లీ వస్తాడనేవాడు.

‘మిల్లు’ అంటే ఆజంజాహి మిల్లు. నిజాం కాలంలో 1934లో పెట్టారు. నిజాం కొడుకు ఆజం జా పేరే దానికి పెట్టారు. వరంగల్ బజారును రైలు తెచ్చిందంటారు. సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా రైలు దారి 1889లో పూర్తయింది కాబట్టి అది నిజమే. స్టేషన్ చుట్టూ ధాన్యం, పత్తి మండీలు పెరిగాయి. కానీ బజారుకు నెలనెలా అన్నం పెట్టింది మాత్రం మిల్లే. షిఫ్టు దిగిన కార్మికులు సైకిళ్ల మీద గుంపుగా వస్తుంటే స్టేషన్ రోడ్డు నిండిపోయేది. జీతం రోజున బియ్యం, నూనె, పిల్లలకు బట్టలు, అవి కుట్టే టైలర్‌కు మా దుకాణంలో దారం. ఒక జీతం ఇన్ని చేతులు మారేది. తొంభైల్లో మిల్లు నీరసించినప్పుడే ఖాతా పుస్తకంలో పద్దులు తగ్గడం చూశాను. 2002లో మూతపడింది. ‘మిల్లు పొడుగాయన’ పద్దు బాపు ఎన్నాళ్లో కొట్టెయ్యలేదు. వసూలవుతుందని కాదు, కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.

మిల్లు పోయాక బజారు నిలబడింది రైతుల మీద. నర్సంపేట, పరకాల, ములుగు, మహబూబాబాద్ వైపుల నుంచి పత్తి, మిర్చి ఎనుమాములకు వచ్చేవి. అడ్తిదారు, అంటే కమీషన్ ఏజెంటు, తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) చేతిలో పెట్టి పైసలిస్తే, రైతు నేరుగా బజారుకే వచ్చేవాడు. ఇంట్లో పెళ్లుంటే ఒక్క రోజులో చీరలు, బంగారం, స్టీల్ సామాన్లు, ఆఖరున మా దుకాణంలో ఫాల్స్, అన్నీ కొనుక్కుని సాయంత్రం బస్సెక్కేవాళ్లు. మిర్చి ధర పడిపోయిన ఏడాది మా ఇంట్లో దసరాకు ఒక్కొక్కరికి ఒక్క జతే. ఆ లెక్క పిల్లలం మాకు కూడా తెలుసు.

కష్టాలు లేవని ఎవరైనా అంటే వాళ్లు అక్కడ బతకలేదని అర్థం. ఎండాకాలం పైకప్పు వేడికి రాత్రి డాబా మీద పడుకున్నా వంటికి చాప అంటుకునేది. నల్లా తెల్లవారుజామున వచ్చేది, అదీ సన్నగా. అమ్మ, వదిన బిందెలు పట్టుకుని కింది నుంచి పైకి మోసి మోసి మోకాళ్లు అరగదీసుకున్నారు. మోరీలు వానకు పొంగి నీళ్లు దుకాణం గడప దాకా వచ్చేవి. పండగ సీజన్‌లో గల్లీలోకి సైకిల్ కూడా దూరేది కాదు. ఒక దసరా ముందు బాపుకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఆటో లోపలికి రాలేకపోయింది. పక్క దుకాణం హమాలీలు ఇద్దరు ఆయన్ను కుర్చీలోనే కూర్చోబెట్టి, ‘జరగండి, జరగండి’ అని అరుచుకుంటూ జనంలోంచి చౌరస్తా దాకా మోసుకుపోయారు. అక్కడి నుంచి ఆటోలో దవాఖానకు. టైముకు చేరాడు, బతికాడు. ఆ గల్లీ ఇరుకు మమ్మల్ని ఎంత భయపెట్టిందో, ఆ గల్లీలో మనుషులు ఉండడం అంతే కాపాడింది. ఈ రెండూ కలిపే చెప్పాలి, ఒకటి వదిలేసి ఇంకోటి చెబితే అబద్ధమవుతుంది.

అన్నకు సంబంధాలు చూసేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. పిల్ల తల్లిదండ్రులు వచ్చి, దుకాణం చూసి, చాయ్ తాగి, “అంతా బాగనే ఉన్నది గని, కారు ఇంటి దాకా రాదు కదా” అనేవాళ్లు. ఆ మాట విన్న రోజు అమ్మ మొహం చూడలేకపోయాం. వదిన తరఫువాళ్లు మాత్రం ఆ మాట ఎత్తలేదు. అయితే వదిన వచ్చిన కొన్నేళ్లకు పిల్లల బడి, నీళ్లు, మెట్లు, బాపు గుండె, అన్నీ కలిసి మమ్మల్ని హంటర్ రోడ్డు వైపు ఫ్లాటుకు నడిపించాయి. మాతో పాటు మా వరసలో అందరూ అలాగే కదిలారు. నయీంనగర్ అని కొందరు, కాజీపేట అని కొందరు. ఎవరినీ తప్పుపట్టే పని లేదు. నీళ్లు, లిఫ్టు, బండి పెట్టుకునే జాగా కావాలనుకోవడం అందరికీ ఉండే ఆశే.

పై ఇల్లు గోడౌన్ అయింది. అక్కడితో ఆగలేదు. దుకాణం ముందుభాగం వెడల్పు చేస్తే గిరాకి పెరుగుతుందని ఒకరు మొదలుపెట్టారు. మెట్లు కొట్టేస్తే ఆ జాగాలో ఇంకో షోకేసు వస్తుంది. కింద చదరపు అడుగుకు వచ్చే కిరాయికీ పైన వచ్చేదానికీ పోలికే లేదు కాబట్టి లెక్క సరిగ్గానే కనిపించింది. ఒకరిని చూసి ఒకరు అందరూ మెట్లు తీసేశారు. మా అన్న కూడా తీశాడు. ఇప్పుడు పైకి పోవాలంటే దుకాణం లోపల నిచ్చెన వేసుకుని ఎక్కాలి. అంటే పైన ఎవరికైనా కిరాయికి ఇద్దామన్నా దారి లేదు. ఒకప్పుడు రెండు కుటుంబాలు బతికిన అంతస్తు అట్టపెట్టెలకు, పాత బొమ్మలకు, ఎలుకలకు పోయింది. కరెంటు వైర్లు పాతవి. ఎప్పుడు నిప్పంటుకుంటుందోనని అన్నకు ఎప్పుడూ టెన్షనే. పైన మనుషులుంటే కాలిన వాసన ఐదు నిమిషాల్లో తెలిసేది.

గిర్నీ మూతపడింది. మందుల షాపు మెయిన్ రోడ్డుకు పోయింది. బజ్జీల బండి చౌరస్తాకు మారింది. దుకాణదారులంతా కలిసి డబ్బులు వేసుకుని రాత్రి వాచ్‌మెన్‌ను పెట్టుకున్నారు. ఎంగిలిపూల రోజున మా వీధిలో బతుకమ్మ ఆడేవాళ్లు లేరు. ఆ సాయంత్రం కూడా షట్టర్లు ఎప్పటి టైముకే పడతాయి. ఇంతకుముందు ఆడవాళ్లు మా గడప ముందే బతుకమ్మలు పెట్టి ఆడుతుంటే బాపు దుకాణం లైట్లన్నీ వేసి ఉంచేవాడు, గిరాకి లేకున్నా సరే.

ఇక వ్యాపారం సంగతి. పెద్ద షోరూములు, ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే ఇంటికొచ్చే సామాను, ఇవి మమ్మల్ని దెబ్బతీశాయనే మాట నిజమే. కానీ ఫోన్‌లో కొనలేనివి ఇంకా ఉన్నాయి. చీర రంగుకు సరిపోయే దారం ఫోన్‌లో చూసి కొనలేరు. చీర చేత్తో పట్టుకుని వచ్చి, వెలుతురులో పక్కన పెట్టి చూసి తీసుకుంటారు. కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అవి కూడా కూర్చుని, పరిచి, చేత్తో నిమిరి కొనేవే. ఇలాంటి సరుకు ఉన్నంతకాలం బజారుకు పని ఉంటుంది. కానీ ఆ గిరాకి పొద్దున పదకొండు నుంచి రాత్రి ఎనిమిది దాకే. మిగతా గంటల్లో కూడా ఈ జాగా సంపాదించాలంటే అక్కడ ఎవరో ఒకరు ఉండాలి.

ఉండేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారని అన్న నన్ను అడిగాడు. నేను చుట్టూ చూడమన్నాను. పాత సెంట్రల్ జైలు ఉన్న జాగాలో సూపర్ స్పెషాలిటీ దవాఖాన ఇరవై నాలుగు అంతస్తులు లేచింది. పక్కనే ఎంజీఎం సర్కారు దవాఖాన. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లు, రాత్రి డ్యూటీ దిగి దగ్గర్లో పడుకోవాల్సిన వాళ్లు ఎంతమంది! ఆజంజాహి మిల్లు జాగాలోనే కొత్త కలెక్టరేట్. అక్కడి ఉద్యోగులు అందరూ ఊరవతల కాలనీల నుంచే రావాలా? స్టేషన్ నడిచి పోయేంత దూరం. బస్సులు గుమ్మం ముందు. పెళ్లికాని వాళ్లకు, కొత్తగా పెళ్లయిన వాళ్లకు కారు ఇంటి దాకా రాకపోయినా ఫర్వాలేదు. వాళ్లకు కారే ఉండదు.

“బయట కాలనీలే సుఖం” అనే మాట కూడా ఈమధ్య పలచబడింది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరదలు వచ్చినప్పుడు నయీంనగర్ నాలా, ఎన్టీఆర్ నగర్ వైపు ఇళ్లు ఎలా మునిగాయో అందరం చూశాం. చెరువు శిఖం భూముల్లో, అంటే నీళ్లు నిలిచే జాగాల్లో, నాలాల మీద ఇళ్లు కట్టుకుంటూ ఊరు బయటికి పాకింది. పాత బజారులో మోరీ పొంగితే గడప తడిసేది. ఆ కాలనీల్లో పడవలు తిరిగాయి. మా శివనగర్ అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలవడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఉన్నదే, దాన్ని నేను దాచను.

2016లో వరంగల్‌కు స్మార్ట్ సిటీ పథకం వచ్చింది. ఇప్పుడు అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి 4 వేల కోట్లకు పైగా మంజూరు చేశారు, మామునూరు ఎయిర్‌పోర్టుకు అనుమతి వచ్చింది. ఇవన్నీ రావాలి. నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ డ్రైనేజీ పైపు ముందు ఈ గల్లీల్లోకి రావాలి. నల్లాలో ప్రెజర్ ఇక్కడ పెరగాలి. పాత ఇంటికి మెట్లు మళ్లీ కట్టుకుంటానంటే కొత్త భవనానికి పెట్టే నిబంధనలన్నీ పెట్టి తిప్పకూడదు. పైఅంతస్తులో కాపురం పెట్టిన యజమానికి ఆస్తి పన్నులో కొన్నేళ్లు తగ్గింపు ఇస్తే, కార్పొరేషన్‌కు పోయేదాని కంటే వచ్చేదే ఎక్కువని నా అభిప్రాయం. వీధి దీపం, కాపలా, చెత్త బండి, ఇవన్నీ మనుషులున్న చోట వాటంతట అవే దారిలో పడతాయి.

అన్న లెక్కల మనిషి. నేను చెప్పినవన్నీ విని, కాగితం మీద వేసుకున్నాడు. షోకేసు తీసేస్తే కింద పోయే అమ్మకం ఒకవైపు. రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక బాత్రూమ్ చేయిస్తే పైన వచ్చే కిరాయి ఇంకోవైపు. గోడౌన్‌కు స్టేషన్ రోడ్డు అవతల చిన్న రేకుల షెడ్డు తీసుకుంటే దాని ఖర్చు. మేస్త్రీ వచ్చి గోడ తట్టి చూసి, పాత మెట్ల కింది రాళ్లు నేలలోనే ఉన్నాయని, వాటి మీదే మళ్లీ లేపొచ్చని చెప్పాడు. వైరింగ్ మొత్తం మార్చాల్సిందే, దాంట్లో బేరం లేదన్నాడు. వదిన ఒకటే షరతు పెట్టింది: నీళ్ల మోటారు, పైన ట్యాంకు పెట్టకుండా ఎవరికీ కిరాయికి ఇవ్వొద్దని. ఆ షరతు ఎందుకో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

మెట్లు లేచాయి. సిమెంటు ఆరకముందే ఎంజీఎంలో పనిచేసే ఒక స్టాఫ్ నర్సు, ఆమె చెల్లెలు వచ్చి చూసుకుపోయారు. చెల్లెలు డిగ్రీ చదువుతోంది. అన్న ఇల్లు చూపించి, కిరాయి చెప్పి, అడ్వాన్స్ చెప్పాడు. ఆ అమ్మాయి కిరాయి తగ్గించమని అడగలేదు. కిటికీ తీసి వీధిలోకి చూసి, “రాత్రి రెండు గంటలకు డ్యూటీ దిగి వస్తా అన్నా, కింద ఎవరన్నా ఉంటరా?” అని అడిగింది. వాచ్‌మెన్ ఉంటాడని అన్న చెప్పాడు. ఎదురు దుకాణం వాళ్లు కూడా పైన బాగుచేయిస్తున్నారని, దీపావళికల్లా వాళ్లింట్లో కూడా మనుషులు దిగుతారని చెప్పాడు. ఆమె చెల్లెలి వైపు చూసి, అడ్వాన్స్ ఎప్పుడు కట్టాలని అడిగింది.